పదిహేనేళ్ల ఏపీ03 బండి: ఉంచుకోవడమా, తుక్కుకివ్వడమా, చేతులు మార్చడమా?

మా నాన్న బండి ట్యాంకు మీద ఇప్పటికీ ‘హీరో హోండా’ అనే ఉంటుంది. ఆ రెండు కంపెనీలూ విడిపోతున్నట్లు ప్రకటించిన 2010 డిసెంబరులోనే దాన్ని చంద్రగిరిలోని ఇంటికి తెచ్చుకున్నాం. 2022లో మా ఊరు తిరుపతి జిల్లాలోకి వెళ్లిపోయింది గాని, బండికి మాత్రం చిత్తూరు వాసన పోలేదు, నంబరు ఏపీ03 గానే ఉంది. 2025 డిసెంబరుతో ఆర్‌సీకి, అంటే నాన్న భాషలో సీ బుక్కుకు, పదిహేనేళ్ల గడువు తీరుతుందని తెలిసిన రోజు నుంచి ఇంట్లో మూడు పక్షాలు తయారయ్యాయి.

తుక్కుకిచ్చి కొత్తది కొనాలన్నది తమ్ముడి పక్షం. మెకానిక్ ఇంకాస్త దగ్గరి దారి చూపించాడు: “పాత ఇనుము కొట్టుకు తోలేద్దాం అన్నా, సాయంత్రానికి డబ్బులు తెచ్చిస్తాను.” నాన్న మాత్రం “బాగానే నడుస్తోంది కదా” అని ఊరుకున్నారు. ఆయన వాదన మొత్తం అదే.

ముందుగా ఒక భయం తీసేయాలి. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండి రోడ్డెక్కకూడదన్న మాట ఢిల్లీ పరిసరాలకు న్యాయస్థానాలు పెట్టిన కట్టడి నుంచి పుట్టింది. 2023 ఏప్రిల్ నుంచి దేశమంతటా రెన్యువల్ ఆపేసింది ప్రభుత్వ శాఖల వాహనాలకు. మన సొంత బండికి మోటారు వాహనాల చట్టం చెప్పేది వేరు: మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, ఆ తర్వాత తనిఖీలో నెగ్గితే అయిదేసి ఏళ్ల చొప్పున పొడిగింపు.

ఆ పొడిగింపుకు ఎంతవుతుంది? రెన్యువల్ ఫీజు 300 రూపాయలు ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 1,000 అయింది. బండికి ఇరవై ఏళ్లు దాటితే 2,000. ఆర్‌సీ కార్డుకూ, పాత బళ్ల మీద వేసే హరిత పన్నుకూ విడిగా కట్టాలి. థర్డ్ పార్టీ బీమా 75 నుంచి 150 సీసీ బళ్లకు ఏడాదికి 714 రూపాయలు, జీఎస్టీ కలిపితే 842 దాకా. మాది బీఎస్-3 అనే పాత పొగ ప్రమాణం కాలపు బండి కాబట్టి పొల్యూషన్ పరీక్ష ఆరు నెలలకోసారి తప్పదు. బీఎస్-4, బీఎస్-6 బళ్లవాళ్లకు ఏడాదికోసారి చాలు. టైర్లు, బ్రేకు షూలు, చైను మార్చినా కొత్త బండి ధరకు ఇదంతా ఆమడ దూరంలో ఉంటుంది.

తమ్ముడి వాదనలో పస లేదనను. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బళ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రంలో పాత బండి అప్పగిస్తే ఒక ధ్రువపత్రం ఇస్తారు. అది చూపితే కొత్త బండికి రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు, కేంద్ర నిబంధనల ప్రకారం పన్నులో 25 శాతం వరకు రాయితీకి వీలుంది. కారుకైతే ఆ పావు వంతు గట్టి మొత్తమే. మోటారు సైకిలుకు పడే పన్నే తక్కువ, అందులో పావు ఎంతని! ఇక తుక్కు ధర చూస్తే, ఎంత తూచినా నూట పది కిలోల బండి. పైగా కొత్తదానికి జీవితకాల పన్నుతో పాటు అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలి, అదే 3,851, దాని మీద మళ్లీ జీఎస్టీ. పొద్దున పాలకేంద్రానికి, సాయంత్రం అంగడికి తప్ప ఎక్కడికీ వెళ్లని మనిషికి ఇంత అవసరమా?

మెకానిక్ దారి ఈ మూడింటిలో అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా ప్రమాదం. కొట్టువాడు బండిని విప్పేస్తాడో, నడుస్తోంది కదా అని ఇంకొకరికి అమ్మేస్తాడో మనకు తెలియదు. సీ బుక్కులో పేరు మాత్రం నాన్నదే. ఆ బండి రేపు ఎవరినైనా గుద్దితే? అమ్మినా పేరు మార్పించకపోతే, పరిహారం చెల్లించాల్సింది రికార్డులో ఉన్న యజమానేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. నిజంగా అమ్మదలిస్తే 29, 30 ఫారాల మీద సంతకాలు చేసి, పద్నాలుగు రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. కొన్నవాడు ముప్పై రోజుల్లో పేరు మార్పించుకోవాలి. బండి పనికిరాకుండా పోయిందంటే అదీ పద్నాలుగు రోజుల్లో తెలిపి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి. ఈ పనులేవీ సాయంత్రానికి తేలవు, అందుకే ఎవరూ వాటి మాట ఎత్తరు.

నేను నాన్న పక్షానే చేరాను. అయితే అందరికీ ఇదే చెప్పను. ఫ్రేముకు తుప్పు పట్టి వెల్డింగు పడిన బండైనా, పొగ పరీక్షలో తప్పే ఇంజనైనా రెన్యువల్‌కు ఖర్చు పెట్టడం దండగ. గడువు దాటి మూలన పడున్న బండి లెక్క ఇంకా వేరు. ఆలస్యమైన ప్రతి నెలకూ 300 రూపాయలు అదనం, రెండేళ్లయితే 7,200. అలాంటప్పుడు తమ్ముడి మాటే సబబు. గడువు తీరిన ఆర్‌సీతో తిరిగితే మొదటిసారికే 5,000 దాకా జరిమానా పడవచ్చు, బీమా సంస్థ తిరకాసు పెట్టడానికీ దొరుకుతుంది.

గడువుకు అరవై రోజుల ముందు నుంచే 25వ ఫారంతో దరఖాస్తు చేసుకోవచ్చు. మేము అక్టోబరు చివర్లో చేశాం. తనిఖీకి ముందు రోజు చాసిస్ నంబరు చూద్దామంటే హ్యాండిల్ కింద గ్రీజు, మట్టి కలిసి పెచ్చు కట్టి ఉంది. కిరోసిన్ గుడ్డతో తుడిచి, తెల్ల కాగితం అద్ది పెన్సిల్‌తో రుద్దితే ఒక్కో అక్షరమూ తేలింది. చివరి రెండు అంకెల దగ్గర తుప్పు. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని ఆ కాగితాన్ని సీ బుక్కు పక్కన ఉంచి, పెళ్లి పత్రిక సరిచూసినట్టు చూశారు. సరిపోయింది.

మరునాడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు నంబరు చూశారు, బ్రేకు నొక్కించారు, లైట్లు వేయించారు. హారన్ కొట్టమన్నారు. మోగలేదు.

“ఎన్నాళ్లయింది పెద్దాయనా?”

“నాలుగైదేళ్లు సార్. మా ఊళ్లో ఈ బండి చప్పుడు అందరికీ తెలుసు.”

ఆయన నవ్వారు గాని సంతకం పెట్టలేదు. హారన్ బిగించుకుని రమ్మన్నారు. దారిలో కనబడిన మొదటి దుకాణంలోనే కొత్తది పెట్టించాం. అక్కడి నుంచి వెనక్కి వచ్చేదాకా, రోడ్డు ఖాళీగా ఉన్నా, నాన్న దాన్ని మోగిస్తూనే ఉన్నారు.