తిరుపతి నుంచి రెండు రోజుల ‘వ్యాలీ టూర్’: బండి బాగుంది, మాటలకే కరువు

తిరుపతిలోని ఒక ప్రైవేటు యాత్రా సంస్థ ‘రాయలసీమ వ్యాలీ టూర్’ అనే పేరుతో నడుపుతున్న రెండు రోజుల యాత్రకు గత కార్తీకమాసంలో మా కుటుంబం నలుగురం వెళ్లివచ్చాము. మొదటి రోజు తలకోన, గువ్వలచెరువు చూసి రాత్రికి కడపలో బస చేయడం, రెండవ రోజు గండి, జమ్మలమడుగు మీదుగా గండికోట చేరడం వారి ప్రణాళిక. వానలు వెనకబట్టి కొండలింకా పచ్చగా ఉండే ఆ రోజుల్లో ఇంతకన్నా చక్కని దారిని ఎంచడం కష్టం. బండి శుభ్రంగా ఉంది. డ్రైవరు కనుమ మలుపుల్లో ఎక్కడా తొందరపడలేదు. రెండవ నాటి మధ్యాహ్నం పెట్టించిన రాగిసంగటి, ఊరుబిండి మా పిల్లలు కూడా అడిగి వేయించుకున్నారు. ఇంతవరకు ఫిర్యాదు లేదు.

లోపమంతా వివరణలో ఉంది. మా వెంట వచ్చిన గైడు మర్యాదస్థుడు, ఓపికగల యువకుడు, కాని అతనికి శిక్షణ ఇచ్చినవారు ఒకే ఒక్క మాట నేర్పి పంపినట్టున్నారు. తలకోన ఒక వ్యాలీ, గువ్వలచెరువు ఒక వ్యాలీ, గండి ఒక వ్యాలీ, గండికోట పెద్ద వ్యాలీ. చేతికిచ్చిన కరపత్రంలోనూ అదే వరస. మనం చూడబోయే ప్రతి చోటూ దేనికది వేరని ఆ ఊళ్ల పేర్లే చెబుతున్నప్పుడు, ఆ పేర్లను విప్పి చెప్పకపోవడం యాత్రికుడికి సగం చూపించి సగం దాచడమే.

తలకోననే తీసుకోండి. కోన అంటే కొండల మధ్య లోపలికి ఒదిగిన చోటు. అడవి దట్టంగా ఉంటుంది, నీటి చెమ్మ ఆరదు, వెళ్లిన దారినే తిరిగి రావలసి ఉంటుంది. సిద్ధేశ్వరస్వామి గుడి దాటి, చెట్ల నీడలో నడిచి, 270 అడుగుల ఎత్తునుంచి పడే ధార కిందికి చేరినప్పుడు మూడు వైపులా బండలు మూసుకున్నట్టు కనిపిస్తాయి. పెంచలకోన, నిత్యపూజకోన చూసినవారికి ఈ పోలిక వెంటనే తెలుస్తుంది.

కనుమ అలాంటిది కాదు. అది దాటిపోయే చోటు. తిరుపతి నుంచి తలకోనకు వెళ్తూ భాకరాపేట కనుమ ఎక్కుతాము. రాయచోటి నుంచి కడపకు దిగుతూ గువ్వలచెరువు కనుమ దాటుతాము. ఇక్కడ నీటికన్నా దారికే పెద్దపీట. గువ్వలచెరువులో పాలకోవా కోసం బండి ఆపినప్పుడు గైడు మళ్లీ వ్యాలీ గురించి మొదలుపెట్టాడు గాని, కోవా పొట్లం కట్టిస్తున్న మా ఆవిడ వినిపించుకోలేదు.

యాత్ర మొత్తానికీ కీలకమైన మాట గండి. చెరువుకట్ట తెగితే ‘గండి పడింది’ అంటాము. వేంపల్లెకు దగ్గరలో పాపాఘ్ని నది పాలకొండలకు సరిగ్గా అదే పని చేసింది. వాయుదేవుడు శ్రీరామునికి స్వాగతంగా ఈ కొండకూ ఆ కొండకూ బంగారు తోరణం కట్టాడన్న స్థలపురాణం, ఎదురెదురుగా నిలిచిన ఆ రెండు కొండలను చూసిన తరువాతే మనసుకు పడుతుంది. మా గైడు ఆంజనేయస్వామి గుడి చూపించి, కథ సగం చెప్పి, ‘టైం అయింది సార్’ అన్నాడు. నదికి ఎదురుగా నిలబెట్టి ఒక్క నిమిషం ఆ మాట వివరించి ఉంటే చాలు, మధ్యాహ్నం గండికోటలో మరేమీ చెప్పనక్కరలేకపోయేది.

ఎందుకంటే గండికోట పేరులో ఉన్నవి రెండే మాటలు: గండి, కోట. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన చోట, సుమారు 300 అడుగుల లోతున నీరు, ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న ఎర్రని రాతి పొరలు, ఆ అంచుమీద పెమ్మసాని నాయకుల కోట. దీనిని ‘భారతదేశపు గ్రాండ్ క్యానియన్’ అని కరపత్రంలో పెద్ద అక్షరాలతో వేశారు. అంచున మేకలు మేపుకుంటున్న ఒక పెద్దాయనను మా అబ్బాయి అడిగితే, ‘ఏరు కొండకు గండి కొట్టింది నాయనా, అంతే’ అన్నాడు. రెండు రోజుల్లో మేము విన్న అత్యుత్తమ వివరణ అది. దానికి మేము రుసుము చెల్లించలేదు.

జమ్మలమడుగును బండి ఆపకుండానే దాటించారు. నీరు నిలిచే లోతైన చోటు మడుగు. జమ్ము పెరిగిన మడుగు చుట్టూ వెలసిన ఊరు కనుక ఆ పేరు వచ్చిందని చెప్పుకుంటారు. ఈ సంగతి చెప్పడానికి బండి ఆపవలసిన పని కూడా లేదు.

గండికోటకు కేటాయించినది గంటన్నర మాత్రమే కావడం మరొక లోటు. మాధవరాయస్వామి గుడి, ధాన్యాగారం, జామియా మసీదు చూసేసరికే పిలుపు వచ్చింది. సూర్యాస్తమయం చూడకుండానే వెనుదిరిగాము. వసతికి, వాహనానికి, భోజనానికి ఐదుకు నాలుగు ఇస్తాను, వివరణకు ఒకటిన్నర. వెళ్లదలచినవారు సాయంత్రం ఆరు వరకు గండికోటలో ఉంచుతామని ముందే రసీదు మీద రాయించుకోవడం మంచిది.