నెర్రెల పేస్ట్‌తో రెండేళ్లు

బల్ల మీద ఆడే యుద్ధపు ఆటల్లోని చిన్న సైనికుడి బొమ్మకు, అంటే మినియేచర్‌కు, రంగులు వేయడం ఒక ఎత్తు, అది నిలబడే బిళ్లను, అంటే బేస్‌ని, పూర్తి చేయడం ఇంకో ఎత్తు. ముఖం, కవచం మీద వారాలు గడిపాక మళ్లీ ఇసుక అంటించి, రంగు పట్టడానికి వేసే తొలి పూత ప్రైమర్ కొట్టి, మూడు రంగులు వేయాలంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. రంగులన్నీ అయిపోయినా నల్ల ప్లాస్టిక్ బిళ్ల మీదే నిలబడ్డ సైనికులు నా దగ్గర చాలాకాలం ఉన్నారు. వాళ్లందరికీ కాళ్ల కింద నేల దొరికింది ఎండాక పగిలే ఈ పేస్ట్ వల్లే. రెండేళ్లలో ఆరు డబ్బాలు వాడాను.

దీని అందం ముందు చెప్పాలి. పూసేటప్పుడు మామూలు తడి మట్టిలా ఉంటుంది. రాత్రి పూసి పడుకుంటే తెల్లారేసరికి ఎండిన చెరువు అడుగులా నెర్రెలు విచ్చి ఉంటుంది. పొర మందంగా ఉంటే పెద్ద పలకలు, పలచగా ఉంటే సన్నని గీతలు. అందుకే పాదాల దగ్గర పలచగా, అంచుల వైపు కాస్త మందంగా పూస్తాను. ఏ రెండు బేస్‌లూ ఒకేలా రావు, ఆ తేడా కోసం మనం పడాల్సిన శ్రమ కూడా ఏమీ లేదు. పైన ముదురు గోధుమ రంగు వాష్ (నీళ్లలాంటి పలచటి రంగు) పోస్తే అది నెర్రెల్లోకి దానంతటదే దిగుతుంది. ఆరాక లేత ఎముక రంగుతో డ్రై బ్రష్ (దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో ఎత్తైన చోట్ల మాత్రమే రుద్దడం), చుట్టూ అంచుకు నలుపు. ఆరే సమయం పక్కన పెడితే ఒక్కోదానికి పది నిమిషాలు. 32 మిల్లీమీటర్ల వెడల్పున్న బేస్‌లు ముప్పై ఒకేసారి వరసగా పెట్టుకుని చేసేశాను.

ఎనిమిది నెలల తర్వాత ఒక ఆట కోసం పెట్టె తెరిచాను. స్పాంజ్ గాడుల్లో ఎర్రటి పెచ్చులు కనిపించాయి. మొదట ఏదో బొమ్మ విరిగిందేమో అని టెన్షన్ పడ్డాను. ఒక సైనికుణ్ణి బయటికి తీస్తే అతని కాళ్ల కింద నేల సగం లేదు, నున్నటి నల్ల ప్లాస్టిక్ బయటపడింది. ఇంకొకణ్ణి తీస్తుంటే నా వేలు తగిలి ఒక పలక ఊడింది. ముప్పైలో పంతొమ్మిది అలాగే ఉన్నాయి. నేను మందంగా పూసి మురిసిపోయినవే ఎక్కువ రాలాయి. ఆ రోజు ఆడబుద్ధి కాలేదు.

కారణం ఆ రాలనివాటిలోనే దొరికింది. మధ్యలో గాడి ఉండే పాత రకం బేస్‌లు ఆరు ఉన్నాయి. గాడి మూయడానికి వాటి మీద పీవీఏ జిగురు (చెక్కకు వాడే తెల్ల జిగురు) పూసి, బేస్ అంతటా పరిచేశాను. ఆ ఆరింటిలో ఒక్క పలకా కదల్లేదు. ఈ పేస్ట్ ఎండేటప్పుడు కుంచించుకుపోయి పగులుతుంది, ఆ లాగుడులోనే అడుగున పట్టు వదిలేస్తుంది. కింద నున్నటి ప్లాస్టిక్, దాని మీద నున్నటి ప్రైమర్ ఉంటే పట్టుకోవడానికి దానికేమీ లేదు.

ఊడబోతున్నవాటికి నీళ్లు కలిపిన పీవీఏని సన్న బ్రష్‌తో నెర్రెల్లోకి చుక్కలుగా వదిలాను. సన్నని సందుల్లోకి అదే పాకి పలకల కిందికి చేరింది. రెండింటి మీద సూపర్ గ్లూ వాడి చూశాను. గట్టిగానే పట్టింది కానీ దాని ఆవిరికి చుట్టూ తెల్లటి పొగలాంటి మచ్చ పడింది, డ్రై బ్రష్ మళ్లీ చేయాల్సి వచ్చింది. పూర్తిగా పోయినచోట గడ్డి టఫ్ట్ (చిన్న కృత్రిమ గడ్డి కుచ్చు) పెట్టాను. టఫ్ట్‌ల అడుగున ఉండే అంటు చాలదు, ఒక చుక్క జిగురు వేయండి.

ఇప్పుడు ముందు గరుకు కాగితంతో బేస్‌ని రుద్దుతాను, పీవీఏ పలచగా పూసి పూర్తిగా ఆరనిస్తాను, ఆ తర్వాతే పేస్ట్. అలా చేసిన ఇరవై బేస్‌లు పద్నాలుగు నెలలుగా అదే పెట్టెలో తిరుగుతున్నాయి, ఒక్క పెచ్చూ రాలేదు. అయితే ఒక్క రాత్రిలో అయిపోతుందని మొదట్లో అందరికీ చెప్పిన మాట సరిచేసుకోవాలి. ఇప్పుడు రెండు రాత్రులు పడుతోంది.

పెద్ద పలకల మీద మోజు కూడా తగ్గింది. 28 మిల్లీమీటర్ల ఎత్తున్న బొమ్మకు ఒక మిల్లీమీటర్ అంటే మన లెక్కలో దాదాపు 6 సెంటీమీటర్లు. 3 మిల్లీమీటర్ల నెర్రె అంటే ఆ సైనికుడి పాదం అడ్డంగా దిగిపోతుంది. 25 మిల్లీమీటర్ల బేస్ మీద అది నేలలా కాదు, లోయలా కనిపిస్తుంది. చిన్న బేస్‌లకు పలచటి పొరే బాగుంటుంది.

నా సైన్యం ఎడారి సైన్యం, నెలకోసారి మించి బల్ల మీదికి రాదు. అందుకే నేను దీన్ని వదలను. వారం వారం ఆడుతూ బొమ్మని బేస్ పట్టుకుని జరిపేవారైతే, ఇసుక రేణువులున్న మామూలు టెక్స్‌చర్ పేస్టే నయం అనిపిస్తోంది, అది ఇలా పెచ్చులుగా లేవదు. అడవి, మంచు నేలలు చేసేవారికి ఎలాగూ దీనితో పని లేదు. కొనేవారు మాత్రం అదే రోజు పీవీఏ డబ్బా కూడా తెచ్చుకోండి.