కర్నూల్లో పాత క్యాసెట్లు డిజిటల్ చేయించుకునేవాళ్ళు ఒక్కసారి ఇది చదివి పోండి

ఇంట్లో పాత పెళ్ళి క్యాసెట్లు, టేప్‌రికార్డర్ క్యాసెట్లు పెట్టుకోని "ఎప్పుడో ఒకసారి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుందాం లే" అనుకుంటున్న వాళ్ళ కోసం రాస్తున్నా. పోయిన నెల నాకు 10,500 రూపాయలు బొక్క పడింది. డబ్బులు పోతే పోయినాయి, క్యాసెట్లే పోవాల్సింది, కొద్దిలో బతికినాయి. షాపు పేరు రాయను, అడగొద్దండి. ఒక షాపు పేరు తెలుసుకుంటే ఏం లాభం, రేపు ఇంకో షాపు ఇదే మిషన్ పెట్టుకోని కూర్చుంటాది, వాళ్ళు చేసే పని ఎట్లుంటాదో తెలిస్తే మీరే పట్టుకుంటారు.

మా ఇంట్లో 14 వీహెచ్‌ఎస్ (పెద్ద వీడియో క్యాసెట్లు), 3 మినీడీవీ (చిన్న డిజిటల్ కెమెరా క్యాసెట్లు), 7 ఆడియో క్యాసెట్లు ఉన్నాయి. అక్క పెళ్ళి 1996ది, నాయన రిటైర్మెంట్‌ది, మా అవ్వ ఉన్నప్పటి తిరునాళ్ళవి, ఇంకా మా తాత తంబూర మీటుకుంటా పాడిన బ్రహ్మంగారి తత్వాలు, అవి నాయన పక్కన కూర్చోని రికార్డు చేసుకున్నవి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊర్లోకి వచ్చినప్పుడు మాది పాత ఊర్లోనే ఇల్లు, అటక మీద ఉన్నవన్నీ బతికిపోయినాయి, కింద బీరువాలో ఉన్న 4 వీడియో క్యాసెట్లు మాత్రం బురద నీళ్ళలో నానినాయి. అమ్మ వాటిని మిద్దె మీద ఎండబెట్టి, పాత చీరతో తుడిచి, మళ్ళీ డబ్బాల్లో పెట్టేసింది. ఎండకు పెట్టకూడదంట, ఇప్పుడు తెలిసింది. ఈ నాలుగు క్యాసెట్లు గుర్తు పెట్టుకోండి, గొడవంతా వీటితోనే మొదలైంది.

ఇన్నేళ్ళు ఊరికే ఉండి ఇప్పుడెందుకు తొందర అంటే, వీసీఆర్‌లు (వీడియో క్యాసెట్లు నడిపే మిషన్లు) తయారుచేసే ఆఖరి కంపెనీ జపాన్ ఫునాయ్ 2016లోనే ఆపేసింది, ఇప్పుడు పాత మిషన్లే దిక్కు. ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్, సౌండ్ ఆర్కైవ్ (పాత సినిమాలు, రికార్డింగులు దాచిపెట్టే సంస్థ) వాళ్ళయితే 2015లోనే "డెడ్‌లైన్ 2025" అని పెట్టి, అప్పటికి డిజిటల్ చేయని టేపులు చాలామటుకు పోయినట్టే లెక్క అని చెప్పినారు. ఇవి రాత్రి ఫోన్లో చదివి పొద్దున్నే భయంతో షాపుకి పోయినా. భయపడినోడు బేరం ఆడతాడా?

షాపులో ఒక ర్యాక్, అందులో నాలుగు వీసీఆర్‌లు, ఒక కంప్యూటర్. పిల్లోడు చెప్పింది ఇది: "ఫుల్ ఆటోమేటిక్ అన్నా, క్యాసెట్ పెడితే చాలు, సాఫ్ట్‌వేరే రికార్డు చేసుకుంటాది, ఖాళీ ఉన్న చోట కట్ చేస్తాది, ఏఐతో క్లీన్ చేసి ఫోర్‌కే చేసి ఇస్తాది, మనిషి చెయ్యే పడదు." ఆ మాటకే పడిపోయినా నేను. మనిషి చెయ్యి పడదంటే మనిషి కన్ను కూడా పడదని అప్పుడు బుర్రకు తట్టలేదు. వీడియో 350, మినీడీవీ 400, ఆడియో 200, అన్నీ కలిపి 7,500, ఏఐ ప్యాకేజీ ఇంకో 3,000. ఈ నాలుగూ వరద నీళ్ళలో నానినాయప్పా అని వేరే కవర్లో పెట్టి, కవర్ మీద పెన్నుతో రాసి మరీ ఇచ్చినా. "ఏం కాదన్నా" అన్నాడు.

పది దినాలకు పెన్‌డ్రైవ్ ఇచ్చినారు. ఆదివారం అక్కను నంద్యాల నుంచి పిలిపించినాం, ఉగ్గాని బజ్జీ తిని అందరం టీవీ ముందు కూర్చున్నాం. పెళ్ళి వీడియో 41వ నిమిషం దాకా బాగానే పోయింది, కాళ్ళు కడిగే దగ్గర బొమ్మంతా చుక్కలు చుక్కలు అయ్యి ఒక్కసారిగా నీలం స్క్రీన్ వచ్చేసింది. అక్క "ముందుకు జరుపు, ముందుకు జరుపు" అంటానే ఉంది, ఎంత జరిపినా నీలమే. మూడు గంటల ఫైల్లో 2 గంటల 19 నిమిషాలు నీలం. తాళి కట్టేది లేదు, తలంబ్రాలు లేవు, అప్పగింతలు లేవు.

షాపుకి పోయి అడిగితే "క్యాసెట్టే పాడైందన్నా, మేమేం చేస్తాం" అన్నాడు. నేను నమ్మి ఇంటికి కూడా వచ్చేసినా, సిగ్గులేకుండా చెప్తున్నా. తర్వాత అనంతపురంలో పాత వీడియో ఎడిటింగ్ చేసిన ఒక పెద్దాయన ఉన్నాడంటే అదే క్యాసెట్ తీసుకోని పోయినా. ఆయన తన వీసీఆర్‌లో పెట్టి "టేపు బంగారం మాదిరి ఉంది కదప్పా, ఎవరు చెప్పినారు పాడైందని" అన్నాడు. తాళి కట్టేది కండ్లారా చూసినా ఆడనే.

మరి నీలం ఎట్లొచ్చింది? ఆయన చెప్పినాక అర్థమైంది. వీసీఆర్ లోపల హెడ్ డ్రమ్ము (టేపు మీది బొమ్మను చదివే గుండ్రటి భాగం) సెకనుకు 25 సార్లు తిరుగుతా టేపును రాసుకుంటా పోతాది, హెడ్‌లో ఉండే సందు వెంట్రుక కంటే చాలా సన్నం, అందులో రవ్వంత మురికి ఇరుక్కున్నా బొమ్మ రాదు. వాళ్ళు నేను వేరే కవర్లో ఇచ్చిన వరద క్యాసెట్లను తుడవకుండా, విప్పకుండా అట్లే మిషన్లో పెట్టినారు, ఎండిన బురద, బూజు హెడ్‌కి పట్టింది, దాని వెనకాలే అక్క పెళ్ళి క్యాసెట్ పెట్టినారు. బొమ్మ రాకపోతే వీసీఆర్ తనంతట తానే నీలం స్క్రీన్ వేస్తాది. సాఫ్ట్‌వేర్‌కి నీలం కూడా మంచి సిగ్నలే కదా, అది హాయిగా మూడు గంటలు రికార్డు చేసి "సక్సెస్" అని రాసుకుంది. రాత్రంతా మిషన్లు నడుస్తాంటే షాపు షట్టర్ వేసి ఉంది. నిజానికి ఆ బురద టేపు ఇంకో నాలుగు రౌండ్లు తిరిగుంటే మంచి క్యాసెట్ కూడా గీతలు పడిపోయేదంట.

తాత ఆడియో సంగతి ఇంకా ఘోరం, అది తల్చుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతాది. నాయిస్ తీసేసే సాఫ్ట్‌వేర్ ఒకే తీరుగా ఆగకుండా మోగే దేన్నైనా ఫ్యాన్ రొద అనుకుంటాది. తంబూర శ్రుతి కూడా అట్లే ఆగకుండా మోగేదే కదా. తంబూర మొత్తం ఎత్తేసింది! తాత గొంతు ఒక్కటే బావిలోంచి వచ్చినట్టు ఉంది. తాత ఒక చరణం అయినాక ఊపిరి పీల్చుకోని కాసేపు తంబూర మాత్రమే మీటేవాడు, తంబూర తీసేసినాక ఆ చోటంతా నిశ్శబ్దం అయిపోయింది, ఇంకో ఆటోమేటిక్ ఆప్షన్ వచ్చి నిశ్శబ్దం ఉందని ఆ చోట్లన్నీ కత్తిరించేసింది. ఏడు నిమిషాల తత్వం నాలుగున్నర నిమిషాలు, అది కూడా తొమ్మిది ముక్కలు. మా తాత ఊపిరి తీసుకోకుండా పాడినట్టుంది.

వీడియోలో ఏఐ చేసిన పని కూడా చెప్తా. మా అవ్వ ముక్కుకు బేసరి ఉండేది, ఆమె తల తిప్పినప్పుడల్లా మెరిసేది. ఆ మెరుపును ఏఐ దుమ్ము చుక్క అనుకోని చెరిపేసింది, ఒక ఫ్రేములో బేసరి ఉంటాది, ఇంకో ఫ్రేములో ఉండదు. ముఖాలన్నీ మైనం పూసినట్టు నున్నగా. పైగా పాత టీవీ కొలతను కొత్త టీవీకి సరిపోయేట్టు అడ్డంగా లాగినారు, మా పెద్దమ్మ అయితే "నేనెప్పుడు అంత లావుగా ఉన్నా" అని టీవీ ఆపేయమనింది.

మా మేనల్లుడు ఏఐ చేయకముందటి ఫైలు అడిగి తెప్పించి ప్రాపర్టీస్ చూసినాడు, 720 బై 480, సెకనుకు 30 ఫ్రేములు అని ఉంది. అది అమెరికా టీవీ లెక్క. మన దగ్గర తీసిన క్యాసెట్లు పాల్ సిస్టమ్ (మన టీవీ లెక్క), 720 బై 576, సెకనుకు 25 ఫ్రేములు ఉండాల. సెట్టింగ్ మార్చకుండా అన్నీ అట్లే తీసేసినారు, అందుకే మనుషులు నడుస్తాంటే గుంజి గుంజి నడిచినట్టుంది. మినీడీవీ అయితే టేపులోనే డిజిటల్‌గా ఉంటాది, ఫైర్‌వైర్ కేబుల్ పెడితే ఉన్నది ఉన్నట్టు దిగుతాది, గంటకు దగ్గర దగ్గర 13 జీబీ వస్తాది, తీసిన తేదీ టైము కూడా వస్తాయి. వీళ్ళు పసుపు ఎరుపు తెలుపు పిన్నులు పెట్టి గంటకు 700 ఎంబీ ఫైలు చేసి ఇచ్చినారు. 400 తీసుకున్నది దీనికి.

ఇంక ఒకటి, "పాత క్యాసెట్లు మీకెందుకన్నా, మా దగ్గరే వదిలేయండి, పారేస్తాం" అన్నారు. ఎంత మంచి చేసినా వదలొద్దు, దయచేసి. నేను వదిలేసి ఉంటే ఈ రోజు ఏమీ లేదు. ఇంటికి తెచ్చుకోని చూస్తే ఒక క్యాసెట్ టేపు తెగితే మామూలు సెల్లో టేప్ అంటించి ఉన్నారు, ఆ జిగురు హెడ్‌కి అంటుకుంటే ఆ మిషన్ కూడా పాయె.

ఆటోమేటిక్ అంటేనే మోసం అనడం లేదు నేను. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు కల్పెపర్‌లో రోబోలతోనే వీడియో టేపులు మార్చినారు. కానీ అట్లాంటి చోట టేపును ముందు మనిషి చూసి తుడుస్తాడు, నడుస్తున్నంతసేపు మిషన్ సిగ్నల్ ఎంత వస్తుందో కొలిచి రాసుకుంటాది, ఎక్కడ తేడా వచ్చిందో మనిషి మళ్ళీ చూస్తాడు. మన ఊర్లో షాపోడు ఆ రోబో మాటే తెచ్చుకున్నాడు, తుడిచేవాడిని, చూసేవాడిని తెచ్చుకోలేదు.

అనంతపురం పెద్దాయన వరద క్యాసెట్ల స్క్రూలు ఐదూ విప్పి, టేపు చక్రాలు బయటికి తీసి, మూతికి మాస్క్ కట్టుకోని మెల్లగా తుడిచి, వేరే మంచి క్యాసెట్ డబ్బాలో ఎక్కించి నడిపినాడు, ఒక్కో టేపు అయినాక హెడ్ తుడిచినాడు. నాలుగింటిలో మూడు వచ్చినాయి, ఒకటి రాలేదు, అది ముందే చెప్పినాడు. స్టూల్ వేసుకోని స్క్రీన్ ముందరే కూర్చున్నాడు మనిషి, మధ్యలో టీ తాగడానికి పోతే మిషన్ ఆపి పోయినాడు.

అందుకే మీరు ఇచ్చేటప్పుడు ముందు ఒక్క క్యాసెట్టే ఇవ్వండి, అది కూడా పెద్దగా అవసరం లేనిది. ఏఐ చేయకముందు ఫైలు నాకు కావాలని ముందే చెప్పి బిల్లు మీద రాయించుకోండి, ఆడియో అయితే ఎంపీ3 కాదు, వేవ్ ఫైలు (WAV, కుదించనిది) అడగండి, ఏమీ క్లీన్ చేయొద్దని చెప్పండి, క్లీనింగ్ తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఫైలు చేతికి రాంగానే మొదట్లో రెండు నిమిషాలు చూసి డబ్బులు ఇచ్చేయకండి, మధ్యలో, ఆఖర్లో చూడండి, నేను అదే చేయలేదు. తడిసినవి ఉంటే వాటిని మంచివాటితో కలిపి అసలు ఇవ్వద్దు. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, ఇంకో హార్డ్‌డిస్క్‌లో వేసి అక్కోళ్ళ ఇంట్లోనో తమ్ముడి ఇంట్లోనో పెట్టండి.

నేను నాలుగు సార్లు తిరిగినాక షాపోడు 4,000 వెనక్కి ఇచ్చినాడు, మిగతాది ఇస్తాడని ఆశ లేదు. అక్క పెళ్ళి వీడియో మొత్తం వచ్చింది, తంబూరతో సహా తాత తత్వాలు వచ్చినాయి. మా బావమరిది దగ్గర ఒక హై8 క్యాసెట్ (పాత హ్యాండీకామ్ కెమెరాల్లో వేసే చిన్న క్యాసెట్) ఉంది, దానికి ప్లేయర్ ఆ పెద్దాయన దగ్గర కూడా లేదు. కర్నూలు, నంద్యాల, డోన్, గుత్తి వైపు ఎవరి ఇంట్లోనైనా నడిచే హై8 కెమెరా ఉంటే చెప్పండి, నేనే వచ్చి ఆడనే కూర్చోని ఎక్కించుకోని పోతా.