డబ్బా బఠానీ, ప్యాకెట్ జ్యూస్: ఏది కొనొచ్చు, ఏది వదిలేయొచ్చు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూడ్డానికి వెళ్లేటప్పుడు చేతిలో జ్యూస్ ప్యాకెట్టు ఉండాల్సిందే. అదే కొట్లో పక్క అరలోని బఠానీ డబ్బాను మాత్రం ‘నిలవ సరుకు’ అని పక్కన పెట్టేస్తారు. వెనక అట్ట మీది అంకెలు చదివితే ఈ మర్యాద తారుమారవుతుంది.

ముందు జ్యూస్ సంగతి. అరలో ఉన్నవన్నీ జ్యూస్‌లు కావు. ‘ఫ్రూట్ డ్రింక్’ అని చిన్న అక్షరాల్లో ఉంటే, మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం అందులో పండు రసం 10 శాతం ఉంటే చాలు, నిమ్మకైతే 5 శాతమే. మిగతాది నీళ్లు, పంచదార. మామిడి డ్రింక్ 100 మి.లీ.లో 12 నుంచి 15 గ్రాముల చక్కెర మామూలే. 200 మి.లీ. ప్యాకెట్టు తాగితే ఆరేడు చెంచాల పంచదార నోట్లో వేసుకున్నట్టే. పెద్దవాళ్లకు రోజంతటికీ 50 గ్రాములు దాటొద్దు, 25 లోపుంటే ఇంకా మంచిది అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పండును పిండితే వచ్చే చక్కెరను కూడా ఆ లెక్కలోనే వేస్తారు. ‘పంచదార కలపలేదు’ అని రాసిన నారింజ రసం గ్లాసులోనూ 18 గ్రాముల దాకా ఉంటుంది. విటమిన్ సి బాగానే దొరుకుతుంది, కాదనలేం. పీచు మాత్రం దాదాపు సున్నా. ఆపిల్ జ్యూస్‌లోనైతే విడిగా కలిపితే తప్ప విటమిన్ సి కూడా అంతంతే. చిక్కటి రసానికి మళ్లీ నీళ్లు కలిపి తయారుచేసిన వాటిపై ‘100 శాతం పండ్ల రసం’ అన్న మాట తీసేయమని 2024 జూన్‌లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. కాబట్టి ముందువైపు అట్ట మీది బొమ్మను వదిలేసి వెనక అట్ట చూడండి.

డబ్బా బఠానీ 100 గ్రాముల్లో పీచు 4 గ్రాములు, మాంసకృత్తులు కూడా సుమారు అంతే, చక్కెర మూడు నాలుగు గ్రాములు. గాలి చొరబడకుండా మూసి, ఆవిరి ఒత్తిడిలో 121 డిగ్రీల దాకా వేడి చేస్తారు కాబట్టి విటమిన్ సి, బి1 బాగా తగ్గుతాయి. కొంత వేడికి పోతుంది, కొంత నీళ్లలోకి దిగుతుంది. పీచు, మాంసకృత్తులు చాలావరకు అలాగే ఉంటాయి. దీని అసలు దోషం ఉప్పు. 100 గ్రాములకు సోడియం 250 నుంచి 300 మి.గ్రా. ఉంటుంది. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది: ముప్పావు గ్రాము దాకా.

ఆ ఉప్పును కొంత తగ్గించుకోవడం కష్టమేం కాదు. డబ్బా విప్పి జల్లెడలో పోసి రెండు నిమిషాలు వదిలేయండి. తర్వాత తాగే నీళ్లు ధారగా పోస్తూ చేత్తో అర నిమిషం కలపండి, మళ్లీ వాడ్చండి. సోడియం కొంత తగ్గుతుంది. బఠానీ ముందే ఉడికి ఉంటుంది కాబట్టి పప్పు, కూరగాయలు కలిపి వండే డాల్మాలో వేసినా, ఉప్మాలో వేసినా దించే ముందు వేయాలి. మొదట్లోనే వేస్తే పేస్టు అవుతుంది. ఉప్పు సగమే వేసి, రుచి చూసి కలుపుకోండి. డబ్బా పుట్టగొడుగులైతే కడిగాక గుడ్డతో అద్దకపోతే వేగవు, తమ నీళ్లలో తామే ఉడుకుతాయి.

కొనేటప్పుడు ఇంకో మెలిక ఉంది. అట్ట మీద రెండు బరువులుంటాయి. 800 గ్రాముల పుట్టగొడుగుల డబ్బాలో ‘డ్రెయిన్డ్ వెయిట్’ (నీళ్లు వాడ్చాక బరువు) 440 అని ఉందనుకోండి, మిగతా 360 గ్రాములు ఉప్పునీళ్లే. ధరను 440తోనే భాగించండి. బఠానీ పదార్థాల్లో ‘డ్రైడ్ పీస్’ అని, రంగు 102, 133 అని ఉంటే అది ఎండు బఠానీని నానబెట్టి, ఆకుపచ్చ రంగు వేసిన సరుకు. రంగుకు అనుమతి ఉంది, పోషకాలూ ఉంటాయి. కానీ ఆపాటి ఎండు బఠానీని ఇంట్లో నానబెట్టుకుంటే పావు వంతు ఖర్చు కూడా కాదు.

ఘాటీ రోడ్డు మీద లారీలో ఎగిరెగిరి వచ్చిన డబ్బాలకు సొట్టలు మామూలే. మధ్యలో చిన్న సొట్ట పరవాలేదు, అంచు అతుకు దగ్గర ఉంటే వద్దు. మూత ఉబ్బినా, విప్పగానే బుస్సుమని చిమ్మినా రుచి చూడకుండా పారేయండి. పులుపు లేని కూరగాయల డబ్బాలో బొటులినమ్ విషం పుడితే వాసన మారకపోవచ్చు. మిగిలింది డబ్బాలోనే ఉంచకుండా స్టీలు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో మూడు రోజులు వాడుకోవచ్చు. కరెంటు నాలుగు గంటలు దాటి పోతే ఆ లెక్క చెల్లదు, విప్పిన జ్యూస్‌కీ అంతే.

జ్యూస్ గెలిచే చోటు ఒకటుంది. షుగరు మందు వాడేవాళ్లకు చక్కెర పడిపోయి చెమటలు పడుతుంటే, స్పృహలో ఉన్నంతవరకు 150 మి.లీ. జ్యూస్ వెంటనే పనిచేస్తుంది. అప్పుడు బఠానీ ఎందుకూ కొరగాదు. రెండేళ్లలోపు పిల్లలకు మాత్రం జ్యూస్ వద్దని, ఐదేళ్ల దాకా రోజుకు 125 మి.లీ. దాటొద్దని పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ 2019లోనే చెప్పింది.

మా ఓటు: వానల్లో సంత పలచబడినప్పటికి కడిగి వాడుకునే బఠానీ, స్వీట్ కార్న్ డబ్బాలు రెండు చాలు. అనాస డబ్బా మాత్రం పాకంలో తేలుతుంటుంది, ఆ పాకం కూడా చక్కెరే. ఒడియా వాళ్లు ‘సపురి’ అని బుట్టల్లో పెట్టుకుని రోడ్డు పక్కన అమ్మే రోజుల్లో ఆ డబ్బా కొనడం శుద్ధ దండగ.