త్రిత్వమా, తండ్రి ఒక్కడే దేవుడా? బైబిలు చదివితే ఏది మేలు?

ఈ మధ్య ఇదే ప్రశ్న నా దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తోంది. దేవరకొండ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి "అన్నా, యేసు దేవుడా, దేవుని కుమారుడా? తిప్పకుండా చెప్పు" అన్నాడు. మహబూబ్‌నగర్‌లో బట్టల దుకాణంలో పనిచేసే మా చెల్లెల్ని తోటి ముస్లిం అమ్మాయి "మీకు దేవుళ్లు ముగ్గురా?" అని అడిగిందట. జవాబు తోచక రాత్రికి నాకే ఫోన్ చేసింది. నేను నల్లగొండలో బాప్టిస్టుల ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణి. త్రియేక దేవుడు, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ కలిసి ఒక్కడే దేవుడు అన్న మాట పాలతో పాటే తాగాను. దీన్నే త్రిత్వం అంటారు. రెండేళ్ల కింద సువార్తలు మళ్లీ మొదటి నుంచి చదివాక, తండ్రి ఒక్కడే దేవుడని నా మనసు మారింది.

త్రిత్వానికి ఆధారాలు లేవని నేను అనను. "వాక్యము దేవుడై యుండెను" అని యోహాను సువార్త మొదటి వచనమే చెప్తుంది, అక్కడ వాక్యము అంటే యేసే. తిరిగి లేచిన యేసును చూసి శిష్యుడు తోమా "నా ప్రభువా, నా దేవా" అన్నప్పుడు ప్రభువు వారించలేదు. మత్తయి 28:19లో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురి పేర్లూ వరుసగా ఉన్నాయి. కానీ "ముగ్గురు వ్యక్తులు, ముగ్గురూ సమానులు, అయినా దేవుడొక్కడే" అనే వాక్యం ఏ ప్రవక్తా, ఏ అపొస్తలుడూ రాయలేదు. క్రీ.శ. 325లో నైసియాలో, 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన సంఘ పెద్దల సభల్లో ఆ నమ్మకానికి రూపం వచ్చింది. అంత సూటిగా చెప్పే వచనం 1 యోహాను 5:7 అంటారు గానీ, తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకటే అనే ఆ మాట కింగ్ జేమ్స్ అనే పాత ఇంగ్లిషు బైబిల్లోది. పాత గ్రీకు ప్రతుల్లో లేదు. ఎరాస్మస్ అనే పండితుడు అచ్చు వేయించిన గ్రీకు కొత్త నిబంధనలో 1516లో లేదు, 1522లో చేరింది. మన తెలుగు బైబిలు తెరిచి చూడండి, అక్కడ సాక్ష్యమిచ్చే ముగ్గురు ఆత్మ, నీళ్లు, రక్తం.

నాకు తేల్చేసిన వచనం యోహాను 17:3. మా అమ్మ బైబిల్లో ఆ పేజీ అంచు నూనె మరకతో పసుపు తిరిగింది. ఆ వచనం కింద ఎప్పుడో ఎర్ర సిరాతో గీత గీసుకుంది. "అద్వితీయ సత్యదేవుడవైన నిన్నును, నీవు పంపిన యేసు క్రీస్తును ఎరుగుటయే నిత్యజీవము." ఆ మాట అంటున్నది యేసు ప్రభువే, అంటున్నది తండ్రితో. అద్వితీయుడు అంటే రెండోవాడు లేనివాడు. ప్రభువు ఇక్కడ "మనము" అనలేదు, "నిన్ను" అన్నాడు. తనను ఆ పక్కనే, పంపబడినవాడిగా చెప్పుకున్నాడు. విగ్రహాలు దేవుళ్లు కావని చెప్పడానికే అలా అన్నాడని కొందరు అయ్యగార్లు (పాస్టర్లు) చెప్తారు. అయినా సత్యదేవుడు ఎవరో చెప్పాల్సిన చోట చెప్పింది ఒక్కరినే కదా.

మార్కు 12 కూడా చూడండి. ఒక శాస్త్రి, అంటే యూదుల ధర్మశాస్త్ర పండితుడు, దేవుని గురించి "ఆయన అద్వితీయుడు, ఆయన తప్ప వేరొకడు లేడు" అంటే, ప్రభువు ఆ యూదుణ్ణి సరిదిద్దలేదు. నువ్వు దేవుని రాజ్యానికి దూరంగా లేవన్నాడు. మార్కు 13:32లో, ప్రభువు తిరిగి వచ్చే ఆ దినం సంగతి తండ్రి తప్ప కుమారుడు కూడా ఎరుగడు. "యేసుకు మనిషిగా తెలియదు, దేవుడిగా తెలుసు" అనేది మామూలుగా వచ్చే జవాబు. మరి పరిశుద్ధాత్మ మనిషి కాలేదే, "తండ్రి తప్ప" అన్నప్పుడు ఆయన కూడా బయటే ఉండిపోయాడే? దీనికి నాకు సరిపడే జవాబు ఇంతవరకు దొరకలేదు.

తోమా మాట బరువైనదే. కానీ అదే అధ్యాయంలో, తిరిగి లేచిన ప్రభువే మగ్దలేనే మరియతో "నా దేవుడును మీ దేవుడును" అంటాడు. అధ్యాయం చివర యోహాను తాను ఎందుకు రాశాడో చెప్తూ "యేసు దేవుని కుమారుడైన క్రీస్తు అని" నమ్మడానికి అన్నాడు. తోమా మాటను ఆ రెంటి మధ్య పెట్టి చదవడమే న్యాయం అనిపించింది.

"యేసు నామం" సంఘాల వాళ్లు యేసే తండ్రి, ఒక్కడే వేర్వేరు రూపాల్లో కనిపించాడు అంటారు. గెత్సేమనేలో "నా యిష్టము కాదు, నీ చిత్తమే" అన్నది ఎవరితో అంటే అది నిలవదు. సండే స్కూల్లో మనం పిల్లలకు చెప్పే నీళ్లు, మంచు, ఆవిరి పోలిక నిజానికి వీళ్ల బోధే, త్రిత్వం కాదు. ఈ సంగతి చాలామంది టీచర్లకు చెప్పినా నమ్మరు. యెహోవా సాక్షులు అనే ఇంకో శాఖవాళ్లు యేసును మిఖాయేలు దూత అంటారు. హెబ్రీ 1 చదివితే దూతలకూ కుమారుడికీ ఎంత తేడానో తెలుస్తుంది, అక్కడితో సరి.

చెల్లెలికి చెప్పింది ఇదే: "మీ స్నేహితురాలితో అను, దేవుడు ఒక్కడే, ఆయన తండ్రి. యేసు ఆయన పంపిన క్రీస్తు, మాకు ప్రభువు." అది వెంటనే "అన్నా, అంటే మన చర్చి మానేస్తావా?" అని టెన్షన్ పడింది. మానను. మా ఇంట్లో అమ్మ అన్నం ముందు చేసే ప్రార్థన కూడా "తండ్రీ" అని మొదలై "యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ" అనే ముగుస్తుంది. ఆదివారం త్రియేక దేవుడు అన్న చోట నేను నోరు మూసుకుంటాను. ఆరాధన చివర అయ్యగారు 2 కొరింథీ 13:14 చదివి "ప్రభువైన యేసు క్రీస్తు కృపయు, దేవుని ప్రేమయు" అని దీవిస్తుంటే మాత్రం తల వంచి గట్టిగా ఆమెన్ అంటాను. అక్కడ దేవుడంటే తండ్రే.