ఇల్లు మారిన వారికి బేగంబజార్ విడి చాయ్‌పత్తా

హైదరాబాద్‌లో మలక్‌పేట నుంచి నిజాంపేటకు ఇల్లు మారిన తరువాత, పాలూ గిన్నే పాతవే అయినా, మా ఇంట్లో చాయ్ నల్లబడి, పైన పలుచని తెట్టు కట్టి, వాసన కోల్పోయింది. కారణం నీళ్ళు. అక్కడ జలమండలి నల్లా ఉండేది. ఇక్కడి అపార్ట్‌మెంటులో ఎక్కువగా బోరు నీళ్ళే. బోరు నీటిలోని కాల్షియం, బైకార్బొనేట్లు తేయాకులోని పాలీఫినాల్స్‌తో (వగరునిచ్చే పదార్థాలతో) కలిసి ఆ తెట్టును ఏర్పరుస్తాయి. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటి కాఠిన్యత (నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు) లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే నీటి వసతి లేనిచోట మాత్రం 600 వరకు అనుమతిస్తారు.

బేగంబజార్‌లో చాయ్‌పత్తాను విడిగా తూచి అమ్మే ఒక దుకాణంలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం, యజమాని ధర చెప్పకముందే "మీది నల్లా నీళ్ళా, బోరు నీళ్ళా?" అని అడగడం. బోరు అనగానే ఆయన అస్సాం సీటీసీ రవ్వలో (చిన్న గుళికల పత్తాలో) కొంత డస్ట్ (మెత్తని పొడి పత్తా) కలిపి ఇచ్చారు. ఆకును నలిపి, చీల్చి, చుట్టే ఆ సీటీసీ పద్ధతి 1930 ప్రాంతంలో అస్సాంలోనే పుట్టింది. రేణువు ఎంత చిన్నదైతే రంగూ చిక్కదనమూ అంత త్వరగా దిగుతాయి కనుక, కఠిన జలంలోనూ ఈ మిశ్రమం నిలబడింది.

అయితే తెట్టు పూర్తిగా పోలేదు. ఫిల్టర్ నీటితో పెట్టినప్పుడే చాయ్ ఎర్రగా, నిండుగా వచ్చింది. కానీ ఆ నీటిలో డస్ట్ మరీ వేగంగా దిగుతుంది కనుక రెండు మూడు నిమిషాలు దాటి మరిగిస్తే వగరు పెరుగుతుంది. సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న మన నగరంలో నీళ్ళు దాదాపు 98 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి, తెర్లే నీళ్ళలోనే పత్తా వేయాలి. పాలు విడిగా కాచి పోయడం మేలు.

లోపాలూ ఉన్నాయి. కాగితపు పొట్లం మీద తేదీ ఉండదు, వాసన చూసి తీసుకోవాల్సిందే. ఇంటికి రాగానే మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలోకి మార్చకపోతే పోపుల వాసన పడుతుంది. నల్లా నీళ్ళున్నవారు డస్ట్ లేని రవ్వనే అడగాలి. కొత్త ఇంటి నీటికి ఏది సరిపడుతుందో తెలిసేవరకు పావుకిలో చొప్పునే తూపించుకోవడం మంచిది. ఆ దుకాణంలో అంతకన్నా తక్కువైనా విసుగు లేకుండా ఇస్తారు.