మినాక్సిడిల్ తయారీ: ఆ ఒక్క ఆక్సిజన్‌ను ఎటునుంచి తేవాలి?

జుట్టు కోసం తలకు రాసే మినాక్సిడిల్ మొదట్లో బీపీ మాత్ర. అమెరికాలో 1979లో బీపీకి అనుమతి వచ్చింది. వేసుకున్నవాళ్లకు ఒంటి నిండా వెంట్రుకలు పెరగడంతో దాన్ని తలకు మళ్లించారు, 1988లో దానికీ అనుమతి దొరికింది.

అణువు చిన్నదే. ఒక పిరిమిడిన్ వలయం (నాలుగు కార్బన్లు, రెండు నైట్రోజన్లు), దానికి రెండు అమైనో (NH2) గ్రూపులు, ఓ పక్కన పిపెరిడిన్ అనే ఇంకో చిన్న వలయం. (మిరియాల ఘాటుకు కారణమైన పిపెరిన్‌ను విడగొడితే వచ్చేది ఈ పిపెరిడినే. దాని కంపు మాత్రం భరించలేం.) అసలు తలనొప్పి వలయంలోని ఒక నైట్రోజన్ మీద కూర్చోవాల్సిన ఆక్సిజన్‌తోనే. కుదుళ్లలోని ఎంజైమ్ సల్ఫేట్‌ను తగిలించేది దానికే, జుట్టు మీద పనిచేసేది ఆ సల్ఫేట్ రూపమే.

దీనికి అప్‌జాన్ కంపెనీ కెమిస్టులు రెండు దారులు వేశారు.

పాత దారి డైఅమైనో క్లోరోపిరిమిడిన్‌తో, అంటే పిపెరిడిన్ ఉండాల్సిన చోట క్లోరిన్ ఉన్న అదే వలయంతో, మొదలవుతుంది. క్లోరిన్ ఎలక్ట్రాన్లను తనవైపు గుంజుకుంటుంది కాబట్టి నైట్రోజన్ ఆక్సిజన్‌ను పట్టుకోవడానికి మొరాయిస్తుంది. అందుకని క్లోరిన్ తీసి డైక్లోరోఫినాల్ తగిలిస్తారు, ఎంసీపీబీఏ అనే పెరాక్సీ ఆమ్లంతో ఆక్సిజన్ ఎక్కిస్తారు, చివర్లో పిపెరిడిన్ వేసి ఫినాల్‌ను గెంటేస్తారు. లెక్క కట్టి చూడండి: ఈల్డ్ (దిగుబడి) నూటికి నూరు వచ్చినా 209 కిలోల మందుకు 163 కిలోల డైక్లోరోఫినాల్, ఆక్సిజన్ ఇచ్చేశాక ఎంసీపీబీఏ మారే క్లోరోబెంజోయిక్ ఆమ్లం 157 కిలోలు మిగులుతాయి. మందు కంటే చెత్తే ఎక్కువ! పైగా ఎంసీపీబీఏ పొడిగా, శుద్ధంగా ఉంటే పేలే రకం, తడిపి అమ్మేది అందుకే.

1975లో ప్రచురించిన రెండో దారిలో ఆక్సిడేషన్ (విడిగా ఆక్సిజన్ ఎక్కించే) స్టెప్పే లేదు. సయనోఅసిటైల్ పిపెరిడిన్‌కు మిథైల్ తగిలించి, సయనమైడ్ కలిపి, చివర్లో హైడ్రాక్సిలమైన్ వేస్తారు. హైడ్రాక్సిలమైన్‌లోని నైట్రోజన్ తన ఆక్సిజన్‌ను వెంటబెట్టుకునే వస్తుంది, వలయం అప్పుడు మూసుకుంటుంది. కాగితం మీద చూస్తే ముచ్చటేస్తుంది. కానీ మిథైల్ కోసం వాడే ఆక్సోనియం లవణం ఖరీదైనది, తేమ తగిలితే పాడైపోతుంది. హైడ్రాక్సిలమైన్‌నూ తేలిగ్గా తీసుకోలేం. 1999లో పెన్సిల్వేనియాలో గాఢ హైడ్రాక్సిలమైన్ తయారుచేస్తుండగా పేలి ఐదుగురు చనిపోయారు.

ల్యాబ్‌లో పది గ్రాములు చేయాలంటే నేను రెండోదానికే ఓటేస్తాను. టన్నుల్లో అయితే పాత దారే, అదీ ఫినాల్ మజిలీ ఎత్తేసి. క్లోరోపిరిమిడిన్‌నే నేరుగా ఆక్సిడైజ్ చేసే పద్ధతులు తర్వాత వచ్చాయి. నైట్రోజన్ మొరాయింపు వల్ల ఈల్డ్ కొంత పోయినా సరే, డ్రమ్ముల కొద్దీ డైక్లోరోఫినాల్‌ను వదిలించుకునే పని తప్పుతుంది.